బార్ కౌన్సిల్ వేరు, బార్ అసోసియేషన్ వేరు: లాయర్ల సంస్థలో ఏ కమిటీ ఏం చేస్తుంది?

నమస్కారమండీ.

‘లాయర్ లైసెన్సు రద్దు చేసిన బార్ అసోసియేషన్’ అని టీవీలో కింద స్క్రోలింగ్ వెళ్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. బార్ అసోసియేషన్‌కి ఎవరి లైసెన్సునూ రద్దు చేసే అధికారం లేదు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ లేదు. చదువుకున్నవాళ్లు, పేపర్లో రాసేవాళ్లు, ఆఖరికి లా చదివే పిల్లలు కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. అందుకే ఈ వీడియో.

మీ వీధి చివర ఆటో స్టాండ్ ఉందనుకోండి. దానికో యూనియన్, ఓ ప్రెసిడెంటు, నెలనెలా చందా. వరసలో ఎవరి ఆటో ముందుండాలి, ఎవరికైనా యాక్సిడెంట్ అయితే తలా ఎంత వేసుకోవాలి, చలాన్లు ఎక్కువైతే ఎక్కడ ధర్నా చేయాలి, ఇదంతా యూనియన్ చూసుకుంటుంది. లైసెన్సు మాత్రం ఆర్టీఏ ఆఫీసుది. యూనియన్ ప్రెసిడెంటుకి మీ మీద కోపమొస్తే స్టాండులో నిలబడనివ్వడేమో కానీ, లైసెన్సు లాక్కోలేడు.

బార్ అసోసియేషన్ ఆ ఆటో యూనియన్. బార్ కౌన్సిల్ ఆ ఆర్టీఏ.

మండల కేంద్రంలో కోర్టు ఉంటే అక్కడో అసోసియేషన్, జిల్లా కోర్టుకొకటి, హైకోర్టుకొకటి, ఢిల్లీలో సుప్రీంకోర్ట్ బార్ అసోసియేషన్. ఇవన్నీ లాయర్లు తమకు తాము పెట్టుకున్న సంఘాలు. బార్ కౌన్సిల్ అలా పుట్టలేదు. 1961 అడ్వకేట్స్ యాక్ట్ దాన్ని పుట్టించింది. రాష్ట్రానికో కౌన్సిల్, వాటన్నిటి మీదా ఢిల్లీలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. దానికి మొదటి ఛైర్మన్ ఎం.సి. సెతల్వాడ్. దేశానికి మొదటి అటార్నీ జనరల్, అంటే కేంద్ర ప్రభుత్వ ప్రధాన లాయరు కూడా ఆయనే.

(స్క్రీన్ మీద: ఆటో స్టాండ్ ఒకవైపు, ఆర్టీఏ ఆఫీసు ఒకవైపు)

సరే, ఇంతవరకు సులువే. తిరకాసు ఇక్కడుంది. మామూలు ఆర్టీఏలో అధికారుల్ని ప్రభుత్వం వేస్తుంది. మన ఈ ఆర్టీఏలో కూర్చునేవాళ్లని ఆటో డ్రైవర్లే ఓట్లేసి గెలిపించుకుంటారు! రాష్ట్ర బార్ కౌన్సిల్ సభ్యుల్ని ఎన్నుకునేది ఆ రాష్ట్ర రోల్ మీద, అంటే లాయర్ల అధికారిక జాబితాలో ఉన్న లాయర్లే. ఓటర్లు 5,000 లోపుంటే 15 మంది సభ్యులు, 10,000 లోపుంటే 20, అది దాటితే 25. పదవీకాలం ఐదేళ్లు. రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన లాయరైన అడ్వకేట్ జనరల్ మాత్రం ఎన్నిక లేకుండానే సభ్యుడు. ఇక బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి (దీన్నే ఢిల్లీ కౌన్సిల్ అంటున్నాను) లాయర్లు నేరుగా ఓటు వేయరు. ఒక్కో రాష్ట్ర కౌన్సిల్ తనలోంచి ఒకరిని పంపుతుంది, అటార్నీ జనరల్, సొలిసిటర్ జనరల్ హోదా వల్ల వచ్చి కూర్చుంటారు.

చట్టంలో ఆరో సెక్షన్ తీసి చూడండి. రాష్ట్ర కౌన్సిల్ పనుల జాబితా అది. తప్పు చేసిన లాయర్ల మీద విచారణ జరపాలి అని ఒక క్లాజు. లాయర్ల హక్కుల్ని, ప్రయోజనాల్ని కాపాడాలి అని దాని వెంటనే ఇంకో క్లాజు. చలానా రాసేదీ, చలానా ఎక్కువైందని కొట్లాడేదీ ఒకే ఆఫీసన్నమాట! జనం కౌన్సిల్‌నీ అసోసియేషన్‌నీ కలిపేస్తున్నారంటే సగం తప్పు చట్టానిదే అంటాను నేను. ఆర్టీఏ కుర్చీలో కూర్చోబెట్టి యూనియన్ పని కూడా చేయమంది.

మరి డ్రైవర్ల ఓట్లతో గెలిచినవాడు డ్రైవర్ లైసెన్సు లాక్కుంటాడా? ఈ అనుమానం చట్టం రాసినవాళ్లకూ వచ్చింది. కమిటీల్ని ఎలా కట్టారో చూస్తే తెలుస్తుంది.

ముందు క్రమశిక్షణ కమిటీ. తొమ్మిదో సెక్షన్. ముగ్గురే సభ్యులు. ఇద్దరు కౌన్సిల్ సభ్యులు, మూడో మనిషి కౌన్సిల్‌లో లేని లాయర్, కనీసం పదేళ్ల ప్రాక్టీసు ఉండాలి. అంటే ఆయన ఎన్నికల్లో నిలబడి గెలిచి వచ్చినవాడు కాదు, ఓట్ల లెక్క ఆయనకు అక్కర్లేదు. ముగ్గురిలో ప్రాక్టీసులో ఎవరు సీనియరో ఆయనే ఛైర్మన్. కొన్నిసార్లు ఆ బయటి మనిషే ఛైర్మన్ అవుతాడు. ఫిర్యాదు వస్తే మొత్తం కౌన్సిల్ చేసేది ఒక్కటే. ఇందులో విషయం ఉందా లేదా అని చూసి, ఉందనిపిస్తే కమిటీకి పంపడం. ఆ తర్వాత సాక్షుల్ని పిలవడం, కాగితాలు తెప్పించడం, సివిల్ కోర్టుకు ఉన్నట్టే కమిటీకి అధికారాలుంటాయి. కమిటీ ఇచ్చిన తీర్పు నచ్చలేదని కౌన్సిల్ దాన్ని కొట్టేయలేదు.

చట్టంలో రాసిన శిక్షలు మూడే. మందలింపు, కొంతకాలం సస్పెన్షన్, రోల్ నుంచి పేరు తీసేయడం. మూడోదాన్నే మనవాళ్లు ‘సనద్ (లాయరుగా నమోదైన పత్రం) పీకేశారు’ అంటారు.

ఇదంతా నడిచేది ఎలాగో చూడాలంటే నాకు బాగా ఇష్టమైన కేసు ఒకటుంది, చెబుతాను. మధ్యప్రదేశ్‌లో ఒక సహకార బ్యాంకు. వాళ్లకో లాయరు. 1993లో ఆయన్ని వద్దనుకుని, ఫైళ్లు ఇచ్చేయమన్నారు. నాకు రావాల్సిన ఫీజు రూ.97,100 కట్టండి, అప్పుడే ఫైళ్లు అన్నాడాయన. బ్యాంకు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసింది. ఏడాది గడిచింది. తేలలేదు.

ఇక్కడ ఆగండి. ‘ఏడాది గడిచింది, తేలలేదు’ అనగానే మీరు నిట్టూర్చి ఉంటారు. కానీ సెక్షన్ 36-బి ఉన్నదే దీనికోసం. రాష్ట్ర కమిటీ ఏడాదిలోపు తేల్చకపోతే ఆ ఫైలు దానంతటదే ఢిల్లీకి, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా క్రమశిక్షణ కమిటీకి వెళ్లిపోతుంది. ఎవరూ పంపక్కర్లేదు. మీ ఊరి ఆర్టీఏలో మీ డ్రైవరుకి తెలిసినవాళ్లుంటే, కేసు ఆ ఊరు దాటిపోయేలా చట్టంలోనే ఏర్పాటు చేశారు. నా దృష్టిలో ఈ చట్టం మొత్తంలో తెలివైన సెక్షన్ ఇదే. ఏడాది దాటాక ఆ ఫైలు నిజంగా బయలుదేరిందో లేదో ఫిర్యాదు చేసినవాళ్లు కనుక్కుంటూ ఉండాలి, అది వేరే సంగతి.

బ్యాంకు కేసు అలాగే ఢిల్లీకి వెళ్లింది. ఢిల్లీ కమిటీ ఆయన్ని 18 నెలలు సస్పెండ్ చేసి, వెయ్యి రూపాయల జరిమానా వేసింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. మెకానిక్ రిపేరు డబ్బులు ఇచ్చేదాకా బండి పట్టి ఉంచుకోవచ్చు కదా, నేను ఫైలు ఉంచుకుంటే తప్పేంటి, ఇదీ ఆయన వాదన సారాంశం. 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు కుదరదంది. కేసు కాగితాలు అమ్ముకునే సరుకు కాదు, లాయర్‌ని మార్చుకునే హక్కు క్లయింటుది, ఫీజు రావాలంటే దానికి వేరే దారులున్నాయి అని చెప్పింది. కానీ అప్పటిదాకా ఈ విషయంలో చట్టం స్పష్టంగా లేదు కాబట్టి శిక్షను మందలింపుకు తగ్గించింది. మందలింపా, అంతేనా అంటారా? నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆ తీర్పు వచ్చాక ‘ఫీజు ఇస్తేనే ఫైలు’ అన్న మాటకు దేశంలో ఎక్కడా చట్టబలం లేకుండా పోయింది.

మరి కోర్టే కోపమొచ్చి లైసెన్సు తీసేయొచ్చా? ఇది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వినయ్ చంద్ర మిశ్రా అని సీనియర్ అడ్వకేట్. 1994లో అలహాబాద్ హైకోర్టులో జడ్జితో గొడవ, కోర్టు ధిక్కారం కేసు. అప్పుడాయన స్వయానా బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఛైర్మన్! సుప్రీంకోర్టు ఆయన్ని మూడేళ్లు ప్రాక్టీసు నుంచి సస్పెండ్ చేసింది. అప్పుడు కోర్టు మెట్లెక్కింది ఎవరు? సుప్రీంకోర్ట్ బార్ అసోసియేషన్. 1998లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం అసోసియేషన్ మాటే నిజమంది. ధిక్కారానికి కోర్టు శిక్ష వేయొచ్చు కానీ, లైసెన్సు విషయం అడ్వకేట్స్ యాక్ట్ కింద బార్ కౌన్సిల్ తేల్చాల్సిందే అని చెప్పింది. యూనియన్ వెళ్లి ఆర్టీఏ అధికారాన్ని కాపాడి వచ్చింది. టీవీ వాళ్లకు ఈ ఒక్క కేసు చదివి వినిపిస్తే చాలు అనిపిస్తుంది నాకు.

అయ్యో, టైము చూడలేదు. మిగతా కమిటీలు గబగబా.

రాష్ట్రంలో ఎన్‌రోల్‌మెంట్ కమిటీ, ముగ్గురు. కొత్తవాళ్ల దరఖాస్తులు చూసి రోల్‌లోకి తీసుకునేది వీళ్లే. ఫీజు సంగతి చెప్పాలి ఇక్కడ. చట్టంలో ఉన్నది రూ.750, ఎస్సీ ఎస్టీలకు రూ.125. కానీ రకరకాల పేర్లు పెట్టి చాలా రాష్ట్రాల్లో వేలకు వేలు వసూలు చేసేవారు. 2024 జులై 30న సుప్రీంకోర్టు, చట్టంలో ఉన్నదానికి మించి ఎన్‌రోల్‌మెంట్ దగ్గర తీసుకోకూడదంది. లా పట్టా పట్టుకుని పల్లెటూరి నుంచి వచ్చిన పిల్లాడికి అది చిన్న విషయం కాదు.

ఎగ్జిక్యూటివ్ కమిటీ రాష్ట్రంలో ఐదుగురు, ఢిల్లీలో తొమ్మిది మంది. డబ్బు, ఆఫీసు, సిబ్బంది చూస్తారు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఢిల్లీలో మాత్రమే ఉండేది లీగల్ ఎడ్యుకేషన్ కమిటీ. పది మంది, అందులో ఐదుగురు బయటివాళ్లు. లా కాలేజీల్లో ఏం చెప్పాలి, ఏ యూనివర్సిటీ డిగ్రీ చెల్లుతుంది, ఈ ప్రమాణాల పని వీళ్లది. ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా కోర్సు వచ్చిందంటే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిర్ణయం వల్లే. 2011 నుంచి జరుగుతున్న ఆలిండియా బార్ పరీక్ష కూడా ఢిల్లీ కౌన్సిల్ పెట్టేదే. ఆ పరీక్ష పెట్టే అధికారం కౌన్సిల్‌కి ఉందని 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది కాబట్టి, లేదన్న వాదన మళ్లీ తేవద్దు.

ఇక సంక్షేమం. వకాలత్ (లాయరుకి కేసు అప్పగిస్తూ మీరు సంతకం చేసే కాగితం) మీద అంటించే వెల్ఫేర్ స్టాంపు చూసే ఉంటారు. ఆ డబ్బు వెళ్లేది లాయర్ల సంక్షేమ నిధికి. మన దగ్గర దీనికి 1987 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఉంది. లాయరు చనిపోతే కుటుంబానికి, ప్రాక్టీసు మానేస్తే ఆయనకు ఈ నిధి నుంచే ఇస్తారు. అంటే మీరు కేసు వేసిన ప్రతిసారీ ఎవరో ఒక లాయరు కుటుంబానికి కాస్త వేసినట్టే, మీకు తెలియకుండా. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలై, జూనియర్లకు నెలకు రూ.5,000 ఇచ్చిన లా నేస్తం బార్ కౌన్సిల్ డబ్బు కాదు, ప్రభుత్వ పథకం. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు సీనియర్లు పట్టణాల్లో నెలకు రూ.20,000, పల్లెల్లో రూ.15,000 ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. సిఫారసు మాత్రమే, తప్పనిసరి కాదు. ఏ సీనియర్ ఆఫీసులో ఎంత ఇస్తున్నారో జూనియర్లను అడిగితే వాళ్లు నవ్వుతారు.

అసోసియేషన్ల సంగతి ఒక్క నిమిషం. లైబ్రరీ, బార్ రూమ్, క్యాంటీన్, కొత్త జడ్జి వస్తే పరిచయం, సభ్యుడు ఆస్పత్రి పాలైతే సాయం, అన్నీ వాళ్లవే. కోర్టు విధుల బహిష్కరణ పిలుపు కూడా సాధారణంగా అక్కడి నుంచే వస్తుంది. లాయర్లకు సమ్మె హక్కు లేదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అయినా పిలుపులు ఆగలేదు. సుప్రీంకోర్ట్ బార్ అసోసియేషన్‌లో ఇంకో గొడవ ఉండేది. రోజూ వేరే కోర్టుల్లో ప్రాక్టీసు చేసుకుని ఎన్నికల రోజు మాత్రం వచ్చి ఓటేసిపోయేవాళ్లు. ఒక లాయరు ఒక్క అసోసియేషన్‌లోనే ఓటు వేయాలన్న నియమాన్ని 2011లో కోర్టు సమర్థించింది. 2024 మేలో అదే అసోసియేషన్ ఎగ్జిక్యూటివ్‌లో మూడో వంతు స్థానాలు మహిళలకు ఇవ్వాలని కోర్టు చెప్పింది.

చివరిగా, చాలామంది అడిగేది. మీ లాయరు ఫైలు ఇవ్వట్లేదు, ఏం చేయాలి? వినియోగదారుల కోర్టు దారి మూసుకుపోయింది. లాయర్ సేవలు ఆ చట్టం కిందకి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బార్ కౌన్సిలే. కేసు నడుస్తున్న ఊరు కాదు, ఆ లాయరు పేరు ఏ రాష్ట్ర రోల్ మీద ఉందో ఆ కౌన్సిల్‌కి రాయాలి. వకాలత్ మీద ఎన్‌రోల్‌మెంట్ నంబరు చూస్తే తెలుస్తుంది. ఫారం, ఫీజు వివరాలు ఆ ఆఫీసులో అడగండి. మీరు ఇచ్చిన డబ్బుకు రసీదు, పంపిన మెసేజీలు, నోటీసు కాపీ జత చేయండి. రాష్ట్ర కమిటీ తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో ఢిల్లీకి, అక్కడా నచ్చకపోతే మళ్లీ 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు.

మరి అసోసియేషన్ ప్రెసిడెంటు గారికి చెప్పకూడదా అంటే, హాయిగా చెప్పండి. ఆయన ఫోన్ చేసి ‘ఏంటయ్యా, ఇచ్చేయ్’ అంటే సాయంత్రానికి ఫైలు మీ చేతికి రావచ్చు. రాకపోతే మాత్రం ఆయన మీద కోప్పడకండి. ఆయన చేతిలో ఉన్నది ఆ ఫోనే.