టాటూకి వెళ్లే ముందు... కుడి చెయ్యా, ఎడమ చెయ్యా?

చందు: నమస్తే నమస్తే! ఇవాళ టాపిక్, టాటూ ఆర్టిస్టుని ఎలా వెతకాలి, ముందురోజు ఏం చేయాలి. అక్కా, ఒత్తుల సంగతి మాత్రం ఎత్తకు.

లావణ్య: ఎత్తింది నువ్వేరా.

చందు: సరే. ఇన్‌స్టా ఫొటోలు చూసి పడిపోకండి. అప్పుడే వేసిన టాటూ ఏదైనా నిగనిగలాడుతుంది. మానిపోయి ఏడాది గడిచినవి చూపించమనండి. సన్నగీతలు అలుక్కుపోయాయో లేదో అక్కడే తెలుస్తుంది.

లావణ్య: తెలుగు అక్షరాలు వేశాడా అనీ అడగాలి.

చందు: మొదలుపెట్టింది.

లావణ్య: పెట్టనా మరి? డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్ సరిగ్గా లేకపోతే ఒత్తులు ఊడిపోతాయి. 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అవుతుంది. తెలుగు రానివాడు దాన్నే స్టెన్సిల్ తీసి చేతికి అంటిస్తాడు. స్టెన్సిల్ తుడిస్తే పోతుంది, సూది దిగాక పోదు.

చందు: సూదంటే గుర్తొచ్చింది, ప్యాకెట్ మీ ఎదురుగానే చింపాలి, ఎక్స్‌పైరీ చూసుకోండి. మన లిజనర్ ఒకతను వాయిస్ మెసేజ్ పెట్టాడు. కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్‌కి ప్రిపేరవుతున్నాడట, కుడి ముంజేతి మీద త్రిశూలం...

లావణ్య: వద్దని చెప్పు! సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్‌ల కానిస్టేబుల్ నోటిఫికేషన్ చదివాడా అసలు? ముంజేతి లోపలివైపు ఒప్పుకుంటారు, అదీ ఎడమచేతికే. కుడిది సెల్యూట్ చెయ్యి. సైజు కూడా ఆ భాగంలో నాలుగోవంతు లోపే.

చందు: అన్యాయం కదక్కా! 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరిగెత్తినవాణ్ణి బొమ్మ చూసి పంపేస్తారా?

లావణ్య: బొమ్మతో పేచీ లేదు. దేవుడి గుర్తులు, పేర్లు ఉండొచ్చు. చెయ్యే తప్పు.

చందు: లేజర్‌తో తీయించుకుంటే?

లావణ్య: వారాల గ్యాప్‌తో బోలెడు సిట్టింగులు. అంతా అయ్యాక మచ్చ మిగిలిందనుకో?

చందు: అయినా రూల్ రూలే అంటే నేనొప్పుకోను. త్రిశూలానికీ తుపాకీకీ ఏం సంబంధం?

లావణ్య: నువ్వొప్పుకోకపోతే వాడికి ఉద్యోగం వస్తుందా? మా చిన్నాన్న కొడుకు పదో తరగతిలో జాతరలో పొడిపించుకున్నాడు. కుడిచేతికే, అమ్మాయి పేరు. రన్నింగ్ పాసయ్యాడు, రాత పరీక్ష పాసయ్యాడు. మెడికల్ నుంచి బయటికొచ్చి ఫోన్ చేశాడు, చాలాసేపు మాట రాలేదు.

చందు: ...అయ్యో. నువ్వెప్పుడూ చెప్పలేదు.

లావణ్య: ఆ పేరులో కూడా ఒత్తు తప్పేరా.

చందు: అక్కా!

లావణ్య: నిజం! పైగా జాతరలో ఒకే సూది పదిమందికి. హెపటైటిస్ అంటుకోలేదు, అదృష్టం.

చందు: సరే, ముందురోజు సంగతి చకచకా చెప్పేస్తా. మందు తాగొద్దు. నిద్రపోండి. కడుపునిండా తిని వెళ్లండి, లేదంటే కళ్లు తిరుగుతాయి. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగండి. టాటూ అయ్యాక 12 నెలలు రక్తదానానికి తీసుకోరు, కాబట్టి...

లావణ్య: ఆ అబ్బాయికి ఫోన్ చేశావా?

చందు: రికార్డింగ్ అయ్యాక చేద్దామని.

లావణ్య: అపాయింట్‌మెంట్ ఎప్పుడన్నాడు?

చందు: ఇవాళే. నాలుగింటికి.

లావణ్య: ఇప్పుడు టైమెంత?

చందు: మూడూ యాభై.

లావణ్య: ఆపెయ్, ఆపెయ్! ఫోన్ ఇటివ్వు.