ఆకు ఉంది, చీటీ లేదు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకోవాలనే ఉంది. కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలు, అందులో ఐదు మైకు సరిచెయ్యడానికే పోయాయి.

"పది నిమిషాలు జీవశాస్త్ర విభాగాల చరిత్ర, పది నిమిషాలు మన విభాగం ఇప్పటి పని చెప్పండి మాస్టారూ" అన్నారు హెడ్ గారు. ప్రయత్నిస్తాను.

జీవశాస్త్ర విభాగం అని బోర్డు పెట్టుకోవడం చూస్తే మొన్నమొన్నటి సంగతే. బయాలజీ అనే మాట వాడుకలోకి వచ్చిందే 1800 ప్రాంతంలో. అంతకుముందు మొక్కల పాఠం వైద్య విద్యార్థులది. మందుమొక్కని గుర్తుపట్టలేని వైద్యుడి చేతిలో రోగి ఏమవుతాడో మీరే ఊహించుకోండి! అందుకే ఇటలీలో పడువా విశ్వవిద్యాలయానికి 1545లో మందుమొక్కల తోట వేశారు. ఆ తోట ఇప్పటికీ అదే చోట ఉంది. మరి చలికాలంలో మొక్క ఎండిపోతే పాఠం ఎలా? ఆ ఇటలీలోనే, ఆ రోజుల్లోనే, లూకా గీని అనే వైద్య ఆచార్యుడు మొక్కల్ని కాగితాల మధ్య అదిమి, ఆరబెట్టి, అంటించి చూపించేవాడు. హెర్బేరియం అలా మొదలైంది. తొలినాళ్ళలో వాటిని పుస్తకంలా కుట్టేసేవారు. తర్వాత స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ కుట్టడం మానేసి విడి షీట్లుగా బీరువాలో పెట్టుకున్నాడు. కొత్త మొక్క దొరికితే మధ్యలో దూర్చుకోవచ్చు కదా. చిన్న తెలివే, కానీ మన బీరువాలన్నీ దాని సంతానమే.

బోటనీ, జువాలజీ చాలాకాలం వేరుకాపురాలే. 1910లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మోర్గన్ అనే శాస్త్రవేత్త ఒక ఇరుకు గదిలో పాలసీసాల్లో చిన్న ఈగల్ని పెంచుతుంటే, ఎర్రకళ్ళ మందలో ఒక తెల్లకళ్ళ ఈగ కనిపించింది. దాని సంతానాన్ని లెక్కపెడితే మెండెల్ బఠాణీల లెక్కే తేలింది, కాకపోతే తెల్లకళ్ళన్నీ మగ ఈగలకే వచ్చాయి. జన్యువు క్రోమోజోము మీద ఉంటుందనడానికి దారి అక్కడ దొరికింది. బఠాణీకీ ఈగకీ ఒకే లెక్క అయ్యాక రెండు కాపురాలెందుకు? మెల్లగా చాలాచోట్ల ఒకే కప్పు కిందికి వచ్చారు.

ఇక ఇప్పటి పని. డీఎన్ఏని చదివే సీక్వెన్సింగ్ ల్యాబు, డీఎన్ఏకి నకళ్ళు తీసే పీసీఆర్ మిషన్లు మీరు పొద్దున చూశారు. బాగున్నాయి. నిజంగానే బాగున్నాయి. కానీ ఆ ల్యాబు ఉన్న గది ఒకప్పుడు దేనిది? హెడ్ గారు నవ్వుతున్నారు, నేను ఎటు వెళ్తున్నానో ఆయనకి తెలుసు.

అది హెర్బేరియం గది. ల్యాబు వచ్చినప్పుడు బీరువాలు మెట్ల కిందికి వెళ్ళాయి. "తాత్కాలికం" అన్నారు. పదకొండేళ్ళయింది. కలరా ఉండలు మార్చే అటెండరు రిటైరయ్యాడు, ఆ పోస్టు మళ్ళీ నింపలేదు. మొన్న మా పాత విద్యార్థిని ఒకమ్మాయి వచ్చింది. ఒక చిత్తడినేల ఎండిపోకముందు అక్కడ ఏమేం పెరిగేవో చూడాలంది. కట్ట విప్పాం. మొక్కలు ఉన్నాయి, పూలరంగు కూడా కాస్త మిగిలింది. ఏ మొక్క, ఎక్కడ, ఎప్పుడు కోశారో రాసి అంటించిన చీటీలు మాత్రం అన్నీ ఊడి కట్ట అడుగున పడి ఉన్నాయి. పురుగు ఆకుని వదిలేసి పిండిజిగురు తినేసింది! నాలుగు షీట్లు, నాలుగు చీటీలు, ఏది దేనిదో తెలియదు. అందులో ఒక చీటీ మీద రాత నాదే. నాకూ గుర్తులేదు.

"ఎండుటాకులే కదా" అన్నారు ఒకాయన. అయ్యా, 1987లో వుడ్‌వర్డ్ అనే శాస్త్రవేత్త కేంబ్రిడ్జి హెర్బేరియంలోని చెట్ల ఆకుల మీద పత్రరంధ్రాలు, అంటే ఆకు గాలి పీల్చుకునే సన్నటి రంధ్రాలు, లెక్కపెట్టాడు. 200 ఏళ్ళలో అవి సుమారు 40 శాతం తగ్గాయి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆకుకి అన్ని రంధ్రాలు అక్కర్లేదు. ఇది ఎలా తెలిసింది? చీటీ మీద తేదీ ఉంది కాబట్టి. 1840లలో ఐర్లండును కరువుపాలు చేసిన బంగాళదుంప తెగులు జన్యుపటాన్ని 2013లో చదివారు. దేన్నుంచి? ఆ కాలంలో ఎవరో ఎండబెట్టి దాచిన తెగులు ఆకుల్నుంచి. మీ సీక్వెన్సర్‌కి మేత మా బీరువాలోనే ఉందయ్యా! డ్యూక్ విశ్వవిద్యాలయమంతటిది 2024లో 8 లక్షలకు పైగా షీట్లున్న తన హెర్బేరియాన్ని మూసేస్తామని ప్రకటించింది. అందుకే నాకీ టెన్షన్.

బెల్లు కొట్టారు, విన్నాను. మొక్కల కణజాల ల్యాబు గురించి చెప్పనేలేదు, వాళ్ళు క్షమించాలి. రెండో సంవత్సరం పిల్లలూ, శనివారం పదింటికి మెట్ల కింద ఉంటాను, తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఊడని చీటీలకి ముందు ఫొటోలు తీద్దాం. పెన్నులు తేవద్దు, తడి తగిలితే ఇంకు పాకుతుంది. పెన్సిళ్ళు తెచ్చుకోండి.