కాళ్లూ చేతులూ ఆడుతుండగా: పెద్దవాళ్ల దృష్టిలో ఆరోగ్యం

(దృశ్యం: ఉదయం వేళ ఇందిరా పార్కు. నడుస్తున్నవారు కొందరు, బెంచీల మీద కూర్చున్నవారు కొందరు.)

వ్యాఖ్యాత: నమస్కారం. హైదరాబాదులో తెల్లవారుజామున ఏ పార్కుకు వెళ్లినా, అరవై దాటినవారి నోట తరచుగా వినిపించే కోరిక ఒకటుంది: ఒకరికి భారం కాకుండా, కాళ్లూ చేతులూ ఆడుతుండగానే వెళ్లిపోవాలి. వైద్యులు ఆరోగ్యాన్ని షుగరు, బీపీ అంకెల్లో చూస్తే, పెద్దవాళ్లు దాన్ని తమ స్నానం తాము చేయగలగడంలో, పండుగనాడు పీట మీద కూర్చుని ఎవరి చేయీ పట్టుకోకుండా లేవగలగడంలో చూస్తారు. నా దృష్టిలో ఈ కొలమానం ఏ రిపోర్టుకూ తీసిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జీవన నాణ్యతను, మనిషి తన సంస్కృతి, విలువల నడుమ తన జీవితాన్ని తాను ఎలా భావిస్తున్నాడన్న దానితోనే నిర్వచించింది.

(దృశ్యం: వంటింట్లో పని చేసుకుంటున్న పెద్దావిడ.)

"ఇంటిపనే బోలెడుంది, మళ్లీ వ్యాయామమెందుకు?" అనే మాట చాలా ఇళ్లలో వింటాం. ఇందులో నిజముంది, 2020లో ఆ సంస్థ వెలువరించిన మార్గదర్శకాలు ఇంటిపనినీ శారీరక శ్రమగానే లెక్కిస్తాయి. 65 ఏళ్లు దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు, పడిపోకుండా ఉండేందుకు మూడు రోజులు నిలకడను, బలాన్ని పెంచే సాధన అవసరమని అవి చెబుతున్నాయి. మన పెద్దవాళ్లలో చాలామంది నడకతోనే ఆగిపోతారు. కానీ వయసుతో కండ తరుగుతుంది, అరవై తర్వాత ఆ తరుగుదల వేగం పుంజుకుంటుంది. ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కాలంటే తొడల్లో బలం ఉండాలి. ఆ బలం ఒక్క నడకతో రాదు.

(దృశ్యం: గోడకు ఆనించిన, చేతులు లేని గట్టి కుర్చీ.)

కుర్చీ అంచుకు జరిగి కూర్చోండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కొద్దిగా ముందుకు వంగి లేచి నిలబడండి. మళ్లీ నెమ్మదిగా, ధబ్బున పడకుండా కూర్చోండి. చేతుల ఆసరా లేకుండా లేవలేకపోతే, మొదట్లో తొడల మీద చేతులు ఆనించుకోవచ్చు. కూర్చునేటప్పుడు తొందరపడకపోవడమే ఇందులో అసలు కిటుకు, ఎందుకంటే నెమ్మదిగా కూర్చుంటే అప్పుడు కూడా కండరానికి పని పడుతుంది.

(దృశ్యం: తవ్వి వదిలేసిన ఫుట్‌పాత్.)

పెద్దవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టేది బద్ధకం కాదు, పడిపోతామన్న భయం. ఇలాంటి ఫుట్‌పాత్‌లు చూస్తే ఆ భయం న్యాయమైనదే. "మీరు కూర్చోండి నాన్నా, మేం తెస్తాం" అనే పిల్లల ప్రేమ కూడా దానికి తోడవుతుంది. కదలిక తగ్గినకొద్దీ కండ తగ్గి, పడిపోయే ప్రమాదమే పెరుగుతుంది. పాల ప్యాకెట్టు తెచ్చే పని ఆయనకే వదిలేసి, కావాలంటే పక్కన మీరూ నడవండి. వీధి బాగా లేకపోతే అపార్ట్‌మెంటు వరండా చాలు.

గుండె జబ్బు ఉన్నవారు, ఈ మధ్యే మోకాలికో తుంటికో శస్త్రచికిత్స చేయించుకున్నవారు వైద్యుణ్ణి అడిగాకే మొదలుపెట్టాలి. చేసేటప్పుడు ఛాతీలో నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ ఉంటే వెంటనే ఆపి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.