క్రేనును వెనక నుంచి చూడాలి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంత ఉక్కలోనూ ఇల్లు కదిలి వచ్చిన బరంపురం తెలుగువారందరికీ నమస్కారం.

మీకు ఇష్టమైన విషయం మీద మాట్లాడండి అని నిర్వాహకులు ఫోను చేసినప్పుడు, క్రేన్ల గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు మాట వినిపించలేదు. ఈ ఊళ్లో ముప్ఫై రెండేళ్లు తెలుగు పిల్లలకు సైన్సు చెప్పినవాడు మన పట్టు గురించో, 1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రం నుంచి ఒడిశాలోకి వచ్చిన ముచ్చట గురించో చెబుతాడని వారు అనుకుని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా చెప్పగలిగినవారు ఈ సభలోనే పదిమంది ఉన్నారు. క్రేన్ల ఎదుట నాలుగు నెలలు కుర్చీ వేసుకుని కూర్చున్నవాణ్ణి మాత్రం బహుశా నేనొక్కణ్ణే.

కిందటేడు మోకాలి ఆపరేషన్ చేయించుకుని భువనేశ్వర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఇల్లు రైల్వే స్టేషను దగ్గరి మాస్టర్ క్యాంటీన్ కూడలికి మరీ దూరం కాదు, ఐదో అంతస్తు. 1948లో శంకుస్థాపన జరిగిన ఆ కొత్త రాజధానికి ఒట్టో కోనిగ్స్‌బర్గర్ అనే జర్మన్ వాస్తుశిల్పి నక్షా గీశాడు. ఊరిని యూనిట్లుగా విడగొట్టి, ఉద్యోగులకు ఒంటి అంతస్తు క్వార్టర్లు, పెరట్లో జామచెట్టుకూ మునగచెట్టుకూ చోటు ఉండేలా కట్టారు. ఇప్పుడు ఆ పాత క్వార్టర్లను చాలాచోట్ల పడగొట్టి బహుళ అంతస్తుల భవనాలు లేపుతున్నారు. మా అమ్మాయి బాల్కనీ సరిగ్గా అలాంటి స్థలం వైపే తెరుచుకుంటుంది. మూడు టవర్ క్రేన్లు. మొదటి రెండు రోజులూ చప్పుడుకు విసుక్కున్నాను. మూడో రోజు నుంచి, కాఫీ ఆలస్యమైనా అడగడం మానేశానని మా ఆవిడ అంటుంది.

అందరూ చేసినట్టే నేనూ ముందు కొక్కేన్నే చూశాను. ఇనుప కడ్డీల కట్ట నేల మీద నుంచి లేచి, పదో అంతస్తు దాటి, మెల్లగా పక్కకు తిరిగి, ఒక మనిషి చేతి సంజ్ఞకు దిగుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ అందులో తెలుసుకునేది తక్కువ. క్రేనులో చూడవలసినది వెనక వైపు, అంటే పొడుగు చేతికి ఎదురుగా ఉన్న పొట్టి చెయ్యి, దాని చివర వరసగా వేలాడే కాంక్రీటు దిమ్మలు. ఈ సంగతి గ్రహించడానికి నాకు పదిహేను రోజులు పట్టింది, అదీ ఒక పాత అవమానం గుర్తుకు రావడం వల్ల.

చాలా ఏళ్ల కిందట తులాదండం పాఠం చెబుతూ, పిల్లలకు తెలిసిన వస్తువు కదా అని ఏతాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. ఒడియా పిల్లలు దాన్నే తెండా అంటారు. వాసానికి ఒక కొస నూతిలోకి దిగే బొక్కెన, రెండో కొస రాయి. నీళ్ల బొక్కెన ఎంత బరువుంటే అంత రాయి కడతారు, అందుకే తేలిగ్గా పైకి వస్తుంది అని చెప్పేశాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, “మాస్టారూ, అంత బరువు రాయి కడితే ఖాళీ బొక్కెనను లోపలికి దించడం ఎలాగండీ?” అంది. వాళ్ల ఇంట్లో ఏతం ఉంది, నేను పుస్తకంలో చూసినవాణ్ణి. గంట కొట్టేశారు కాబట్టి బతికిపోయాను. మర్నాడు కూడా ఆ ప్రశ్న జోలికి వెళ్లలేదు.

జవాబు ఆ బాల్కనీలో దొరికింది. క్రేనుకు బరువు ఒక్కటే లెక్క కాదు, బరువును స్తంభం నుంచి దూరంతో గుణించాలి. ఒక మాదిరి లెక్క చెబుతాను, జిబ్ అంటే ఆ పొడుగు చెయ్యి, దాని సొంత బరువును కాసేపు పక్కన పెట్టండి. స్తంభానికి 50 మీటర్ల దూరంలో 2 టన్నులు వేలాడితే ఆ గుణకారం 100. అదే క్రేను, కొక్కేన్ని మోస్తూ జిబ్ వెంట నడిచే ట్రాలీని 20 మీటర్లకు లాక్కుంటే 5 టన్నులు ఎత్తగలదు, గుణకారం మళ్లీ 100. ఈ లెక్కంతా ఆపరేటరు క్యాబిన్‌లో పట్టికగా ఉంటుంది, హద్దు మీరితే యంత్రం తానే ఆగిపోతుంది. మరి వెనక దిమ్మలు ఈ 100నూ సరితూచాలి కదా అంటే, తూచవు. వెనక 100కు సరిపడా బరువు పెడితే, కొక్కెం ఖాళీగా ఉన్నప్పుడు స్తంభం మొత్తం 100నీ వెనక్కి మోయాలి. అందుకని ఇంచుమించు సగానికే, అంటే 50కే దిమ్మలు కడతారు. ఖాళీగా ఉన్నప్పుడు స్తంభం మీద వెనక్కి 50, నిండు బరువుతో ముందుకు 50. స్తంభం ఎటూ విరగకుండా రెండు వైపులా సగం సగం ఓర్చుకుంటుంది. మన ఏతం రాయీ అంతే. ఖాళీ బొక్కెన దించేటప్పుడు మనిషి కొంచెం బలం పెట్టి లాగాలి, నీళ్లు నిండాక రాయి సాయం చేస్తుంది. ఆ అమ్మాయి ప్రశ్న సరైనదే, నా పాఠమే తప్పు.

ఇది కంటికి కనిపిస్తుందా అని మీరు అడగవచ్చు. కనిపిస్తుంది. ఎదురింటి నీళ్ల ట్యాంకు అంచుకు సరిపెట్టి క్రేను స్తంభాన్ని చూశాను. ఖాళీ కొక్కెంతో ఉన్నప్పుడు అది వెనక్కి వాలి ఉంటుంది, బరువు నేల విడిచిన క్షణాన ముందుకు వస్తుంది. కాంక్రీటు బకెట్ దగ్గర ఇది మరీ బాగా తెలుస్తుంది. శ్లాబు మీద ఇద్దరు కూలీలు బకెట్ అడుగున ఉన్న మీట లాగుతారు, కాంక్రీటు దబ్బున జారుతుంది, ఆ జారుతున్నంతసేపూ జిబ్ కొస పైకి లేస్తూ, బకెట్టును కూలీల చేతుల్లోంచి మూరెడు ఎత్తు లాగేసుకుంటుంది. వాళ్లకు అది అలవాటే, నవ్వుకుంటూ ఓ అడుగు వెనక్కి వేస్తారు. నాకు మాత్రం ప్రతిసారీ గుండె ఝల్లుమనేది.

కొక్కెం కూడా మరీ తీసివేయదగ్గది కాదు, అది లోలకం. తరగతిలో మీటరు దారానికి రాయి కట్టి ఊపితే రెండు సెకన్లకు ఒక డోలనం అని ఎన్నివేలసార్లు చెప్పానో. క్రేను తాడు 40 మీటర్లు దిగి ఉంటే అదే సూత్రం ప్రకారం డోలనానికి 12.7 సెకన్లు రావాలి. మనవడి ఫోనులో గడియారం పెట్టి కొలిచాను, పన్నెండూ పదమూడూ మధ్యనే వచ్చింది. ఊగుతున్న బరువును ఆపడానికి కొత్తవాడు ట్రాలీని వెనక్కి లాగుతాడు, ఊపు రెట్టింపవుతుంది. చెయ్యి తిరిగినవాడు బరువు ఎటు ఊగితే ట్రాలీని అటే నడిపి, ఊపు కొసకు చేరి బరువు క్షణం నిలిచినప్పుడు సరిగ్గా దాని నెత్తి మీదకు తెచ్చి ఆపుతాడు. ఊపు అక్కడే చచ్చిపోతుంది. మూడు క్రేన్లలో మధ్యదాని ఆపరేటరుకు ఈ విద్య పట్టుబడింది. అతని ముఖం నేను చూడలేదు, చేతి నేర్పు మాత్రం బాగా తెలుసు.

కింద ఖలాసీలు ఉంటారు. బరువు చుట్టూ స్లింగు తాడు కట్టేదీ, దాన్ని తగిలించే షాకిల్ లంకె బిగించేదీ, బరువు గిర్రున తిరగకుండా దానికి కట్టిన తోకతాడు పట్టుకుని నడిచేదీ వాళ్లే. ఇప్పుడు వాకీటాకీలు వచ్చాయి గానీ, దించమనడానికి పాతకాపులు ఇంకా “ఆరియా, ఆరియా” అనే అరుస్తారు. అది పోర్చుగీసు నావికుల మాట, తెరచాపను దించడానికి వాళ్లు వాడినది, ఓడ కళాసుల నోట మన రేవులన్నింటికీ చేరింది. మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. ఇంగ్లీషులో క్రేను అంటే కొంగ, అంతకు ముందు గ్రీకువారు కూడా పక్షికీ యంత్రానికీ ఒకటే పేరు పెట్టుకున్నారు. చిల్కా పక్కన బతికే మనకు ఆ పోలిక ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఒక రకం క్రేనుకు పేరైన డెరిక్ అన్న మాట పుట్టుక మాత్రం అంత అందమైనది కాదు. దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట లండన్‌లో ఉరి తీసే ఒక తలారి పేరు అది.

సాయంత్రం పని ఆగాక జరిగేది నన్ను మరింత ఆశ్చర్యపరిచింది. ఆపరేటరు దిగిపోయే ముందు, జిబ్ తిరగకుండా పట్టి ఉంచే బ్రేకును వదిలేస్తాడు. ఇంత పెద్ద యంత్రాన్ని రాత్రంతా పగ్గం లేకుండా వదలడమేమిటని మొదట కంగారు పడ్డాను. జిబ్ పొడుగు, దాని వెనక చెయ్యి పొట్టి, కాబట్టి గాలి పొడుగు చేతిని తోసి తన దారినే నిలబెడుతుంది, గుడి మీద పతాక తిరిగినట్టే. అప్పుడు గాలికి తగిలే అడ్డు తక్కువ. బ్రేకు బిగించి ఉంచితే గాలి జిబ్‌ను అడ్డంగా కొట్టి స్తంభాన్ని మెలిపెడుతుంది. దక్షిణపు గాలి సాగే సాయంత్రాల్లో మూడు క్రేన్లూ ఒకేసారి ఉత్తరానికి ముఖం పెట్టుకుని నిలబడేవి. అందుకే వెనక చెయ్యి మీద పెద్ద ప్రకటనల బోర్డులు కట్టడం ప్రమాదం, ఆ బోర్డు గాలిని పట్టి యంత్రాన్ని సరిగ్గా తిరగనివ్వదు.

గాలి సంగతి బరంపురంలో చెప్పడమంటే పట్టునేతవారికి పట్టు చూపించడమే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మనలో ఎవరం నిద్రపోలేదు. 2018లో తిత్లీ పలాస పక్కన దాటి, గజపతి జిల్లా కొండల్ని ముంచెత్తింది. టవర్ క్రేను సాధారణంగా సెకనుకు 20 మీటర్ల గాలి వరకు, అంటే గంటకు 72 కిలోమీటర్ల వరకు పని చేయడానికి లెక్కగట్టి ఉంటుంది, జాగ్రత్తపరులు అంతకన్నా చాలా ముందే ఆపుతారు. భువనేశ్వర్‌లో భవనాల లెక్కకు తీసుకునే గాలి వేగం మన భారతీయ ప్రమాణాల ప్రకారం సెకనుకు 50 మీటర్లు. ఈ రెండంకెల మధ్య ఉన్న తేడాను రాత్రిళ్లు ఆ వదిలేసిన బ్రేకే భరించాలి. 2019 మే 3న ఫొని వచ్చినప్పుడు భువనేశ్వర్‌లో ఒక క్రేను పక్క ఇళ్ల మీదకు కూలడం మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. తుపాను హెచ్చరిక వచ్చాక యంత్రం ఎంత ఎత్తున ఉంది, భవనానికి ఎన్నిచోట్ల కట్టి ఉంది అన్నది ముందు రోజుల్లో తీసుకున్న నిర్ణయం. ఆ రాత్రికి చేయగలిగేది ఏమీ ఉండదు.

మన బడబజారులో ఇలాంటిది నిలబెట్టగలమా అని మొన్న ఒకరు అడిగారు. అడ్డంగా చాచిన చెయ్యి ఉన్న క్రేను ఆ సందుల్లో పనికిరాదు, పొరుగువారి డాబాల మీదుగా బరువులు తిప్పాలి. అలాంటి చోట్లకు చేతిని పైకి ఎత్తే లఫింగ్ రకం వాడతారు.

క్రేను తన ఎత్తును తానే పెంచుకోవడం కూడా చూశాను. హైడ్రాలిక్ జాకీ పై భాగాన్ని కొంచెం పైకి తోస్తుంది, ఏర్పడిన ఖాళీలోకి కొత్త స్తంభం ముక్కను తోసి బిగిస్తారు. ఆ పని మొదలుపెట్టే ముందు ఆపరేటరు ఒక బరువును ఎత్తి, ట్రాలీని అంగుళం అంగుళం జరుపుతూ ముందు వెనక సరిగ్గా సమానం చేస్తాడు, ఆ తర్వాత పని పూర్తయ్యేదాకా జిబ్‌ను తిప్పనే కూడదు. సగం సగం ఓర్చుకుంటూ బతికే యంత్రం నిజంగా త్రాసులా తూగి నిలబడేది ఆ గంటసేపే.

నేను తిరిగి వచ్చే వారంలో, పూర్తి కావచ్చిన భవనం దగ్గరి క్రేనును విప్పారు. ఆదివారం తెల్లవారకముందే ఒక పెద్ద మొబైల్ క్రేను వచ్చి, చెక్క దుంగల మీద కాళ్లు చాచుకుని నిలబడింది. కర్ర పట్టుకుని కిందికి దిగి, కంచె ఇవతల నిలబడ్డాను. వాళ్లు ముందుగా వెనక దిమ్మల్ని ఒక్కొక్కటీ దించి, ఒక్కదాన్ని మాత్రం ఉంచేశారు. అప్పుడు జిబ్‌ను విప్పి నేల మీద పరిచారు. అన్నీ తీసేస్తే జిబ్ బరువుకు క్రేను ముందుకు పడుతుంది, ఒక్కటీ తీయకుండా జిబ్‌ను విప్పితే వెనక్కి పడుతుంది. జిబ్ దిగాకే ఆ మిగిలిన దిమ్మ వంతు వచ్చింది. దాన్ని లారీ ఎక్కిస్తుంటే దగ్గర నుంచి చూశాను. ఒక మూల పెచ్చు ఊడి, లోపలి కడ్డీ తుప్పు పట్టి ఉంది. పక్కన తెల్ల రంగుతో 2400 కిలోలని రాసి ఉంది. ఇన్నాళ్లూ ఐదో అంతస్తు నుంచి నాకు ఆ అంకె కనిపించలేదు.