గాలి కరెంటు చవకే, మరి ఖరీదు ఎక్కడుంది?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: విద్యుత్ రంగంలో పనిచేసి రిటైరైన ఇంజనీరు, అర్థశాస్త్ర అధ్యాపకురాలు, కూతురి దగ్గరికి నగరానికి వచ్చిన ఉరవకొండ ప్రాంత రైతు.)

యాంకర్: గాలికి డబ్బు కట్టనక్కర్లేదు కదా సర్, మరి గాలి కరెంటుకు ధర ఎందుకు?

ఇంజనీరు: బొగ్గు ప్లాంటుకైతే రోజూ బొగ్గు కొనాలమ్మా. గాలిమరకు ఆ ఖర్చు లేదు. కానీ టవరు, రెక్కలు, సబ్‌స్టేషన్, లైను అంటూ దాదాపు డబ్బంతా మొదట్లోనే పెట్టాలి. అందులో ఎక్కువ భాగం అప్పే. అందుకే యూనిట్ ధర ముఖ్యంగా గాలి వేగం మీద, వడ్డీ మీద ఆధారపడుతుంది. వేగం రెట్టింపైతే గాలిలో ఉండే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అనంతపురం వైపు రామగిరి, ఉరవకొండ గుట్టల మీదే అన్ని మరలు కనిపించేది అందుకే.

యాంకర్: వడ్డీ సంగతి మీరు చెప్పండి మేడమ్.

అధ్యాపకురాలు: 2019 గుర్తుందా అండీ? ఆంధ్రప్రదేశ్ డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, అంతకుముందే గాలి కరెంటు కొనడానికి 25 ఏళ్ల ఒప్పందాలు రాసుకున్నాయి. చాలావాటిలో యూనిట్ 4.80 రూపాయలకు పైనే. ఈలోగా 2017 చివర్లో గుజరాత్ వేలంలో 2.43 పలికింది. కొత్త ప్రభుత్వం పాత ధరలు తగ్గించడానికి కమిటీ వేసింది. కేసు హైకోర్టుకు వెళ్లింది. అప్పటికి 2.43 చొప్పున చెల్లించమని కోర్టు చెప్పింది. 2022 మార్చిలో ధర్మాసనం ఒప్పందంలోని ధరే ఇవ్వాలని తీర్పిచ్చింది.

యాంకర్: జనం డబ్బు ఆదా చేయాలనుకోవడం తప్పంటారా?

అధ్యాపకురాలు: అనను. డిస్కంల నష్టం చివరికి మన బిల్లులోకే వస్తుంది. కానీ ఆ బేరం సంతకానికి ముందు ఆడాలి. సంతకమయ్యాక ఆడితే, ఆ రాష్ట్రంలో తర్వాతి ప్రాజెక్టుకు బ్యాంకు వడ్డీ పెంచుతుంది. ఇందాక సర్ చెప్పారు కదా, ఇందులో ఖర్చులో ఎక్కువ భాగం అప్పే. పెరిగిన ఆ వడ్డీని పాతికేళ్లు మనమే కడతాం. నాకు బాధగా ఉండేది ఇదే, ఆ లెక్క ఏ బిల్లులోనూ కనబడదు.

యాంకర్: గాలి ఆగిపోతేనో సర్?

ఇంజనీరు: మనకు గాలి బాగా వీచేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. తెలంగాణలో డిమాండు పెరిగేదేమో ఫిబ్రవరి, మార్చిలో, యాసంగి వరికి మోటార్లు నడిచే రోజుల్లో. అందుకని థర్మల్ ప్లాంట్లు మూసేయలేం, కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా వాటి ఫిక్స్‌డ్ చార్జీలు కట్టాల్సిందే. అది కూడా గాలి కరెంటు లెక్కలో కలపాలి. మేలూ ఉంది: మబ్బు పట్టి సోలార్ తగ్గే వానాకాలంలోనే గాలి ఆదుకుంటుంది. కర్నూలు వైపు పిన్నాపురం లాంటి 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ, అంటే నీళ్లను పైకి తోడిపెట్టి అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ప్లాంటు, మిగులు కరెంటును కొన్ని గంటలు దాచగలదు. నెలల తరబడి దాచలేదు.

యాంకర్: పెద్దాయనా, మీ ఊరికి ఏం మిగిలింది?

రైతు: నా పొలంలో రెండెకరాలు ఒకేసారి డబ్బిచ్చి తీసుకున్నారమ్మా. అది అప్పులకే సరిపోయింది. మర మాత్రం తిరుగుతానే ఉంది. పక్కూరాయన కౌలుకిచ్చినాడు, ఆయనకు ఏటా వస్తాంది. మర చుట్టూ బుడ్డలు (వేరుశనగ) వేసుకుంటాం, దాంతో ఇబ్బంది లేదు. క్రేన్ రావడానికని మా గట్టు తెంచి రోడ్డేసినారు. వాన నీళ్లు ఇప్పుడు చెరువుకు పోవు, నా చేన్లోకొస్తాయి.

యాంకర్: కౌలు ఇస్తే కరెంటు ధర పెరుగుతుందా సర్?

ఇంజనీరు: చాలా కొద్దిగా. మొత్తం పెట్టుబడిలో భూమి వాటా చిన్నది, ఖరీదంతా యంత్రానిదే.

రైతు: ఇంకో విడత సర్వే నడస్తాంది సార్. ఏటా కౌలు, మూడేళ్లకోసారి పెంపు, తెంచిన గట్టు వేసివ్వడం, ఇవన్నీ కాగితంలో రాయించుకోమని మావాళ్లకు చెప్తా.