ఫ్లషింగ్‌లో చైనీస్ పెద్దలకు ‘ఐదర్’ నేర్పుతూ

నమస్కారమండీ. ఈ రోజు మిమ్మల్ని న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌కు, అందులోనూ ఏడో నంబరు రైలు చివరి స్టేషనైన ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్‌కు తీసుకొచ్చాను. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి ఫ్లషింగ్ అనగానే బౌన్ స్ట్రీట్‌లోని గణపతి దేవస్థానం, 1977లో కుంభాభిషేకం జరిగిన ఆ గుడి, దాని కింది అంతస్తు క్యాంటీన్‌లో దొరికే దోసెలు గుర్తుకొస్తాయి. గుడి నుంచి మెయిన్ స్ట్రీట్ వైపు నడిచి వస్తే బోర్డులన్నీ చైనీస్ లిపిలోకి మారిపోతాయి. 1970లలో తైవాన్ నుంచి వచ్చినవారితో మొదలై, తర్వాత చైనాలోని వేర్వేరు ప్రాంతాలవాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు కాబట్టి, మాన్‌హట్టన్ పాత చైనాటౌన్‌లో చాలాకాలం కాంటనీస్ అనే చైనీస్ భాష వినిపిస్తే ఇక్కడ మాండరిన్ అనే మరో చైనీస్ భాష ఎక్కువగా వినిపిస్తుంది. కొడుకులూ కూతుళ్ల దగ్గర ఉండటానికి వచ్చిన పెద్దవాళ్లు వారం వారం ఇంగ్లీషు మాట్లాడటం సాధన చేసే ఒక బృందంలో నేను వాలంటీరుగా కూర్చుంటాను. ఈ వీడియో మొత్తం అక్కడ అన్నిటికన్నా ఎక్కువగా మమ్మల్ని ఇబ్బంది పెట్టే ఒక్క ఇంగ్లీషు మాట గురించే: రెంటిలో ఏదో ఒకటి అని చెప్పే ‘ఐదర్’.

వ్యాకరణ పుస్తకాలు ఈ మాటను సాధారణంగా ‘ఐదర్… ఆర్’ అనే జంటతో మొదలుపెడతాయి. నా అభిప్రాయంలో అది వరుస తప్పిన బోధన, ఎందుకంటే ఆ జంట చైనీస్ మాట్లాడేవారికి పెద్ద కష్టమే కాదు. మాండరిన్‌లో ‘యావ్‌మ… యావ్‌మ’ అనే జంట ఉంది, కాబట్టి వాళ్లు చేసే పొరపాటల్లా రెండో చోట కూడా ‘ఐదర్’ అనేయడం, అంటే ‘ఐదర్ యు గో, ఐదర్ ఐ గో’ అనడం మాత్రమే. రెండుసార్లు దిద్దితే అది సర్దుకుంటుంది. ఇంకో పద్ధతిలో ‘బుషి… జియుషి’ అంటారు, అది మనం ‘ఆయన ఇంట్లో లేకపోతే పార్కులో ఉంటాడు’ అన్నట్టే ఉంటుంది: ఇది కాకపోతే అది. ఆ ఆలోచన వాళ్లకూ ఉంది, మనకూ ఉంది. అసలు కష్టం ‘ఐదర్’ ఒంటరిగా వచ్చినప్పుడు మొదలవుతుంది.

దానికి ముందు ప్రశ్నల సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే తెలుగు నాకు బాగా అక్కరకొచ్చింది. కాఫీ కావాలా టీ కావాలా అని అడిగేటప్పుడు మాండరిన్‌లో మధ్యన ‘హైషి’ వస్తుంది, రెంటిలో ఏదో ఒకటి ఇవ్వమని చెప్పేటప్పుడు ‘హువోజ’ వస్తుంది. ఇంగ్లీషులో రెండు చోట్లా ‘ఆర్’ ఒక్కటే. తెలుగులో ‘కాఫీయా, టీయా’ అని అడుగుతాం, ‘కాఫీయో టీయో ఇవ్వండి’ అని చెబుతాం. చివరి అచ్చు ఒక్కటి మారితే ప్రశ్న కాస్తా కోరిక అవుతుంది. అంటే ఈ విషయంలో మన భాష ఇంగ్లీషు పక్కన కాక చైనీస్ పక్కన నిలబడింది. ‘డు యు వాంట్ ఐదర్ టీ ఆర్ కాఫీ’ అని ఎవరైనా అంటే అది ‘కాఫీయా, టీయా’ అనే ప్రశ్న కాదు, ‘కాఫీ గానీ టీ గానీ ఏమైనా తీసుకుంటారా’ అనే ప్రశ్న; దానికి ముందు అవుననో కాదనో చెప్పాలి. ఏదో ఒకటి ఎంచుకోమని అడిగే ప్రశ్నలో ‘ఐదర్’ పెట్టకూడదని నేను వాళ్లకు గట్టిగా చెబుతాను.

ఇక వాళ్ల నోట నాకు ఎక్కువగా వినిపించే వాక్యం ‘ఐ డోంట్ లైక్ ఇట్ టూ’. మాండరిన్‌లో ‘యె’ అనే చిన్న మాట మన ‘కూడా’ లాంటిది: నాకు కూడా ఇష్టమే అన్నా, నాకు కూడా ఇష్టం లేదు అన్నా అదే మాట సరిపోతుంది. ఇంగ్లీషులో మాత్రం వాక్యంలో ‘నాట్’ రాగానే ‘టూ’ తప్పుకుని, చివర ‘ఐదర్’ రావాలి. ‘ఐ డోంట్ లైక్ ఇట్ ఐదర్’ అనాలి, లేదా చిన్నగా ‘మీ నైదర్’ అనాలి. ఈ పొరపాటు తెలుగు ఇళ్లలోనూ రోజూ వినిపిస్తుంది, కారణమూ అదే. ఇక్కడికి వచ్చి ఏళ్లు గడిచిన మనవాళ్లు సైతం ‘ఐ ఆల్సో డోంట్ నో’ అంటారు. అర్థమవుతుంది కాబట్టి ఎవరూ దిద్దరు.

‘బోత్’ దగ్గర మాత్రం అర్థమే మారిపోతుంది. రెండూ వద్దు అని మనం అన్నట్టే మాండరిన్‌లో రెండూ, అన్నీ అనే అర్థమిచ్చే ‘దోవ్’ అనే మాట ముందు పెట్టి, దాని వెనక కాదనే మాట ‘బు’ చేర్చి రెండింటినీ ఒకేసారి తోసిపుచ్చుతారు. ఆ వరుస తారుమారై ‘బు’ ముందు, ‘దోవ్’ వెనక వస్తే, రెండూ కావు అన్న అర్థం పోయి, అన్నీ అలాంటివి కావు, కొన్ని మాత్రమే అన్న అర్థం వస్తుంది. ఇంత సున్నితమైన తేడాను పుట్టుకతోనే పాటించేవాళ్లు ఇంగ్లీషులో ‘ఐ డోంట్ వాంట్ బోత్’ అంటే, ఎదుటివాడికి ‘రెండు అక్కర్లేదు, ఒకటి చాలు’ అని వినిపించవచ్చు. దుకాణంలో రెండు చొక్కాలూ వద్దనుకున్న పెద్దాయన చేతికి ఒక చొక్కా ఇవ్వబోతే ఆ దుకాణంవాడి తప్పేమీ లేదు. ‘ఐ డోంట్ వాంట్ ఐదర్’ అంటే రెంటిలో ఏదీ వద్దని స్పష్టంగా చేరుతుంది. అలాగే ఏదైనా ఫరవాలేదు అనడానికి వాళ్లు ‘బోత్ ఓకే’ అంటారు, అక్కడ ‘ఐదర్ ఈజ్ ఫైన్’ కావాలి.

దీన్ని నేర్పడానికి ఏడో నంబరు రైలుకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఉదయం రద్దీ వేళల్లో ఇక్కడి నుంచి లోకల్, ఎక్స్‌ప్రెస్ రెండూ బయలుదేరుతాయి. హడ్సన్ యార్డ్స్‌కు వెళ్లాలంటే ‘యు కెన్ టేక్ ఐదర్ ట్రెయిన్’, ఎందుకంటే రెండూ అక్కడికే చేరతాయి. మన సరుకులు దొరికే జాక్సన్ హైట్స్‌కు, అంటే 74వ వీధి స్టేషనుకు వెళ్లాలంటే మాత్రం ఈ మాట చెల్లదు, ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగదు. ఏదైనా చెల్లే చోటు, చెల్లని చోటు రెండూ ఒకే గీత మీద కనిపిస్తాయి కాబట్టి, మ్యాపు ముందు పెట్టుకుని స్టేషన్ పేరు చెప్పగానే వాళ్లు వాక్యం తయారుచేస్తారు. రెంటిలో ఒకదాన్నే చూపుతుంది కాబట్టి ‘ఐదర్’ తర్వాత ట్రెయిన్ అని ఏకవచనమే రావాలన్న నియమం కూడా ఇక్కడే చెప్పేస్తాను. నామవాచకానికి బహువచన ప్రత్యయం తప్పనిసరి కాని భాషలోంచి వచ్చినవాళ్లకు ఇది నిజానికి తేలికైన భాగం. మూడు రైళ్లుంటే ‘ఎనీ’ అనాలి.

‘ఆన్ ఐదర్ సైడ్ ఆఫ్ ద స్ట్రీట్’ అన్నప్పుడు మాత్రం ఈ మాటకు రెండు వైపులా అనే అర్థం వస్తుంది, మన ‘ఇరువైపులా’ లాగా. పాత ఇంగ్లీషులో ఈ పదానికి మొదట ఉన్న అర్థమే ‘ఇద్దరిలో ప్రతి ఒక్కరూ’ అన్నది. రెంటిలో ఒకటి అన్న అర్థం తర్వాత వచ్చింది. ఉచ్చారణకు ఎక్కువ సమయం ఇవ్వను: ‘ఈదర్’ అన్నా ‘ఐదర్’ అన్నా ఒప్పే, అమెరికాలో మొదటిది ఎక్కువగా వినిపిస్తుంది.

నేను ఎక్కువ సమయం ఇచ్చేది డాక్టరు అడిగే ప్రశ్నలకు. ‘డు యు హావ్ పెయిన్ ఇన్ ఐదర్ నీ’ అని డాక్టరు అడిగితే అర్థం ‘ఏ మోకాలైనా నొప్పిగా ఉందా’ అని. ఎడమది నొప్పిగా ఉన్నా, కుడిది నొప్పిగా ఉన్నా, రెండూ నొప్పిగా ఉన్నా జవాబు అవుననే. సాధనలో నేను డాక్టరుగా కూర్చుని ఈ ప్రశ్న అడిగినప్పుడు ఒక పెద్దావిడ ‘నో’ అన్నారు, తర్వాత తన ఎడమ మోకాలు చూపించి అక్కడే నొప్పి అని చెప్పారు. ప్రశ్నలో ఆమెకు ‘రెండూ’ అని వినిపించింది, రెండూ నొప్పిగా లేవు కాబట్టి కాదన్నారు. ఆమె తర్కంలో లోపం లేదు, కానీ నిజమైన ఆసుపత్రిలో ఆ ‘నో’ కాగితం మీదకు ఎక్కితే ఎడమ మోకాలి సంగతి ఎవరికీ తెలియదు. చెవులు, కళ్లు, చేతులు, పాదాలు, తల్లిదండ్రుల్లో ఎవరికైనా చక్కెర వ్యాధి ఉందా అనే ప్రశ్న, ఇవన్నీ జంటలే, అన్నిచోట్లా ఈ మాటే వస్తుంది.

అందుకే అవును కాదులతో ఆగవద్దని, ‘యెస్, ద లెఫ్ట్ వన్’ అని వైపు కూడా కలిపి చెప్పమని నేర్పుతున్నాను. సందేహం ఉంటే దుబాసీని అడగమనీ చెబుతున్నాను: ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు రోగి భాషలో సాయం ఉచితంగా ఇవ్వాలి, ఆ బాధ్యతకు మూలం 1964 నాటి పౌరహక్కుల చట్టంలో ఉంది. మీ ఇంట్లోనూ ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉంటే, డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోజు ఈ ప్రశ్నలను వాళ్లతో ఒకసారి సాధన చేయించండి, ఎందుకంటే ‘కూడా’, ‘రెండూ’ అనే మాటలతో ఆలోచించే మనవాళ్లు సైతం అదే చోట తడబడతారు. వచ్చే వారం మా బృందంలో కళ్ల డాక్టరు ప్రశ్నలు తీసుకుంటున్నాం, వాటిని కూడా మీకు చూపిస్తాను.