మాట నోటికి రాకముందు

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చలో ఒక భాగం)

వ్యాఖ్యాత: ‘చార్మినార్’ను విడగొట్టి పలకమంటే ‘చార్, మి, నార్’ అంటాం. మెదడు కూడా ఆ మాటను ఇలా ముక్కలుగానే దాచుకుంటుందా మేడం?

భాషాశాస్త్ర అధ్యాపకురాలు: దాచుకోదనే నా నమ్మకం. బస్సు దిగి ‘చార్మినార్ ఎక్కడ?’ అని అడగండి. నోట వచ్చేది ‘చార్, మి, నా, రెక్, క, డ’. ‘నార్’ ఏమైంది? అందులోని రకారం పక్క మాటలోని ఎకారాన్ని అంటుకుంది. ముక్కలు ముందే బిగించి ఉంటే ప్రతిసారీ విప్పి మళ్లీ కట్టాలి. అంత వృథా శ్రమ ఎందుకు? 1999లో లెవెల్ట్, రూలోఫ్స్, మేయర్ అనే భాషా మనోవిజ్ఞాన పరిశోధకులు ప్రతిపాదించిన సిద్ధాంతం ఇదే చెబుతుంది. జ్ఞాపకంలో ఉండేవి ధ్వనులు, వాటి వరుస. సిలబుళ్ల, అంటే నోట పలికే ముక్కల, హద్దులు మాట్లాడే క్షణంలోనే పడతాయి. బొమ్మను చూసి పేరు చెప్పడానికి సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుందని అంచనా. హద్దులు వేసే పని అందులో సగం గడిచాకే మొదలవుతుంది!

తెలుగు ఉపాధ్యాయుడు: అమ్మా, మన ఛందస్సు దీన్ని ఎప్పుడో పట్టుకుంది. ‘రక్తం’ రాస్తే ర, క్తం. పలికితే రక్, తం. అందుకే ర హ్రస్వమైనా గురువు. పిల్లలు ఎందుకని అడిగితే నేను సూత్రం వల్లించను, చప్పట్లు కొడుతూ పలకమంటాను. వాళ్ల చెవికే తెలిసిపోతుంది. అయితే నాకొక సందేహం. ‘రాజప్రాసాదం’లో జ గురువు. ‘అతని ప్రేమ’లో ని మాత్రం లఘువే. రెండుచోట్లా తర్వాత వచ్చేది పకార రేఫల జంటే కదా? హద్దు అప్పటికప్పుడు పడేదైతే ఈ తేడా ఎక్కడిది?

అధ్యాపకురాలు: ఈ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తున్నాను మాస్టారూ. మెదడు హద్దులు వేసేది నిఘంటువులోని మాటకు కాదు, ఒక్క బిగిన పలికే మాటకు. సమాసం అలాంటి ఒకే మాట. ‘అతని’, ‘ప్రేమ’ వేర్వేరు, కాబట్టి ‘ప్’ వెనక్కి జరిగి ‘ని’తో చేరదు. పక్క మాట అచ్చుతో మొదలైతే మళ్లీ కథ మారుతుంది. ‘రాముడు’, ‘ఇతడు’ కలిసి ‘రాముడితడు’ అయితే, ఆ ‘డి’ ఏ మాటది? రెండింటిదీ.

వ్యాఖ్యాత: అన్ని భాషల్లోనూ ఇంతేనా?

అధ్యాపకురాలు: కాదు. ఈ సిద్ధాంతం ప్రధానంగా డచ్, ఇంగ్లీషు భాషల మీద పెరిగింది. మాండరిన్‌లో సిలబుల్ ముందే సిద్ధంగా ఉంటుందని చెప్పే ప్రయోగాలున్నాయి. అక్కడ హల్లులు ఇలా పక్క మాటలోకి జారవు. లిపిలో అక్షరం ఒక తీరున, నోటిలో ముక్క మరో తీరున ఉన్న తెలుగును ఈ కోణంలో పరీక్షించాలని నాకు ఎంతో ఆశ.

ఉపాధ్యాయుడు: మా ఎనిమిదో తరగతి గణవిభజన పాఠానికి రండమ్మా. పిల్లలు చప్పట్లతో సిద్ధంగా ఉంటారు.